పాత ప్లేట్లలో కపిలవాయి పద్యం
(సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బెజవాడ మైలవరం కంపెనీలో కపిలవాయి రామనాథశాస్త్రిగారు పాడిన పద్యాన్ని మా తరం రంగస్థలం మీద వినలేదు. గ్రామఫోను ప్లేటు మీదే విన్నాం. రాత్రంతా సాగే నాటకంలో వన్స్‌మోర్‌లతో పెరిగే రాగం, ప్లేటు మీద మూడు నిమిషాల పైచిల్లరలో ముగియాలి. అందుకే అక్కడ ఆలాపన కురచ. కంఠంలో దూకుడు మాత్రం తగ్గలేదు.

ఆ పద్యాలే క్యాసెట్లు, సీడీలు దాటి ఇప్పుడు సెల్‌ఫోన్లలోకి వచ్చాయి. సంతోషమే. కానీ నేను విన్న ఒక ప్రతిలో గరగర తీసేస్తూ గమకాల అంచులు కూడా చెరిపేశారు. ఇంకొకదానిలో 78 చుట్ల ప్లేటును వేగంగా తిప్పడంతో శ్రుతి పైకెళ్లింది. అసలే ఆయనది హెచ్చు శ్రుతి, దానికి ఈ సాయమెందుకో! నాకైతే గరగరే నయం.

మీ అటకల మీద అలాంటి ప్లేట్లుంటే పాతసామాన్లవాడికి వేయకండి. స్పిరిట్‌తో తుడవకండి, లక్క కరుగుతుంది. ఎల్పీ ముల్లు పెట్టకండి, 78 గాడికి అది మరీ సన్నం. నిలువుగా నిలబెట్టి ఉంచి, మన సంఘానికి కబురు చేయండి. కాపీ తీసుకుని మీ ప్లేటు మీకే తెచ్చిస్తాం.