తాకినంత మాత్రమున రాదు
(చెన్నపట్టణమున మన సంఘ సమావేశమునందు ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠము)



నేడు నేను చెప్పబోవునది నలుగురిలో పలుకుటకు మనము సంకోచించు విషయము. కాని ఆ సంకోచము వలన ఒక యువకుడు పడిన బాధను చూచిన పిమ్మట మౌనము తగదని తోచినది. అతడు మన తెలుగు కుటుంబములలోనివాడే. పెండ్లి నిశ్చయమైనది. అంతకు కొన్ని నెలల ముందు ఒక స్త్రీతో ముద్దు, కౌగిలి, చేతి స్పర్శ వరకు సాగిన సంబంధము కలిగెనట. సంభోగము జరుగలేదు. అయినను తనకు హెచ్.ఐ.వి. సోకినదని భయపడి, నిద్రాహారములు మాని, పెండ్లి తప్పించుకొన జూచెను. వీధిలో తమిళము, ఇంట తెలుగు ధారాళముగ మాట్లాడువాడే. ఈ మాట మాత్రము ఏ భాషలోను నోట రాలేదు.

అతనికి చెప్పినదే మీకును చెప్పుచున్నాను. ఈ వైరస్ సోకుటకు మూడు సంగతులు కూడవలెను. ఒకటి, ఎదుటివారి దేహమున వైరస్ ఉండవలెను. రెండు, అది తగినంతగ నుండు ద్రవము వెలికి రావలెను: రక్తము, వీర్యము, వీర్యమునకు ముందు వచ్చు ద్రవము, యోనిద్రవము, గుదములోని ద్రవము, చనుబాలు. మూడు, ఆ ద్రవము జననాంగముల, గుదము యొక్క, నోటి యొక్క లోపలి మెత్తని పొరకో, పచ్చిగాయమునకో తగులవలెను. లేదా సూది ద్వారా రక్తమున కలియవలెను. వీనిలో ఒకటి లోపించినను వ్యాధి రాదు. చిట్లని చర్మము కోటగోడ వంటిది.

కావున కౌగిలింతవలన, దుస్తులపై స్పర్శవలన, ఒకరినొకరు చేతితో తృప్తిపరచుకొనుటవలన ఇది రాదు. ఉమ్మి, చెమట, కన్నీరు దీనిని వ్యాపింపజేయవు. ఇరువురి చిగుళ్లనుండి రక్తము కారుచుండగా గాఢముగ ముద్దిడుకొన్నపుడు సోకుట కడు అరుదు. నోటితో జరుపు రతియందు అపాయము అత్యల్పము. నోట పుండ్లున్నచో కొంత హెచ్చును. అయితే ఒక హెచ్చరిక. జననాంగములు నేరుగ రాచుకొని ద్రవము లోపలి పొరకు తగిలినచో, ప్రవేశము జరుగలేదు గదా యని తీసివేయరాదు. సిఫిలిస్, హెర్పిస్ వంటి సుఖవ్యాధులు ఒట్టి చర్మస్పర్శచేతనే అంటవచ్చును.

నిజముగ అపాయము జరిగినదని తోచినచో 72 గంటలలోగా ఆసుపత్రికి పోవలెను. 28 దినములు మందు వాడిన వ్యాధిని నివారింపవచ్చును. ఎంత త్వరగ మొదలిడిన అంత మేలు. పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితము. 90 దినములు గడచిన పిమ్మట చేసిన పరీక్షలో లేదని వచ్చినచో నిశ్చింతగ ఉండవచ్చును. 2017 నాటి చట్టము ప్రకారము సమ్మతి లేక పరీక్షింపరాదు, ఫలితమును వెల్లడింపరాదు. పేరు చెప్పకయే 1097 అను ఉచిత ఫోనులో అడిగి తెలిసికొనవచ్చును.

మన దేశమున ఈ వైరస్ మొదట బయటపడినది 1986లో, ఈ నగరముననే. డాక్టరు సునీతి సోలొమన్, ఆమె శిష్యురాలు నిర్మల సేకరించిన రక్తము వేలూరులో పరీక్షింపబడెను. నాడు చికిత్స లేదు. 2004 నుండి ప్రభుత్వమే మందు ఉచితముగ ఇచ్చుచున్నది. క్రమము తప్పక మందు వాడి, రక్తమున వైరస్ పరీక్షకు అందనంతగ తగ్గిన స్థితిలో నిలిచినవారినుండి సంభోగమువలన కూడ ఇతరులకు సోకదు. వైద్యము ఇంత ముందుకు వచ్చినది. మన భయము మాత్రము 1986లోనే నిలిచియున్నది. ఆ భయమే కన్నబిడ్డకు కంచము వేరు పెట్టించుచున్నది.

ఆ యువకునికి పరీక్ష అవసరము లేకున్నను మనశ్శాంతికై చేయించితిమి. లేదని వచ్చినది. పెండ్లి అనుకొన్న ముహూర్తమునకే జరిగినది. ఒకవేళ ఉన్నదని వచ్చియుండినను అతడు మనవాడే, మందున్నది, బ్రతుకున్నది. మీ పిల్లలు ఇట్టి ప్రశ్న అడిగినపుడు కసరక వినుడు. ఆ మాట మన ఇంటి తెలుగులోనే అడుగగలిగినచో వారికి సగము భయము తీరును.

సెలవు.