టెలిఫోను మోసములు – కంపెనీల బాధ్యత
(మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు పెద్దలు ప్రసంగించిన పిమ్మట, నేను టెలిఫోనును గూర్చి మాటలాడ లేచితినని మీ రాశ్చర్యపడకుందురుగాక. మనవారు కష్టించి కూడబెట్టిన ధనము నేడు ఆ ద్వారముననే తరలిపోవుచున్నది.

నాకు పెదతండ్రి వరుసయైన యొక వృద్ధోపాధ్యాయునకు, పోలీసు అధికారినని చెప్పుకొన్న వాడొకడు ఫోను చేసెను. "మీ పేరిటి పార్సెలులో మాదకద్రవ్యములు దొరకినవి. మిమ్ము డిజిటల్ అరెస్టు చేసితిమి. గది విడువరాదు, ఎవరితోను చెప్పరాదు" అని బెదరించి, రెండుదినములు వీడియోలో కావలి కాచి, పింఛను సొమ్మంతయు గైకొనెను. ఆయన సిగ్గుచే పదునైదు దినములు భార్యకైనను చెప్పలేదు. చెప్పునప్పటికి సొమ్ము చేయిదాటిపోయెను.

మన శాసనములలో డిజిటల్ అరెస్టు అనునదే లేదు. ఈ సంగతిని ప్రధానమంత్రిగారు 2024 అక్టోబరులో రేడియోముఖమున దేశమునకు చెప్పిరి. పోలీసువారు ఫోనులో అరెస్టు చేయరు, ధనమడుగరు.

ఇక కంపెనీల మాట. ఈ పిలుపు లాకాశమునుండి ఊడిపడునవి కావు. ఎవరో అమ్మిన సిమ్ కార్డునుండియో, విదేశమునుండి మనదేశపు నంబరు వేషము దాల్చియో, కంపెనీల మార్గముననే మన యింటికి వచ్చుచున్నవి. "మాటలకు మేము బాధ్యులము కాము" అని వారందురు. అందు కొంత న్యాయము లేకపోలేదు. పరుల సంభాషణ కంపెనీ వినరాదు. కాని సిమ్ ఎవరి కమ్మినదియు, ఒక్క నంబరునుండి దినమున కెన్ని పిలుపులు పోవుచున్నదియు వినకయే తెలియును గదా! 2024 సెప్టెంబరులో ఎయిర్‌టెల్ కంపెనీ పిలుపుల తీరునుబట్టి అనుమానపు హెచ్చరికను తెరపై చూపుట కారంభించెను. కావున చేతకాదను వాదము చెల్లదు.

అయాచితములగు వ్యాపారపు పిలుపుల సంఖ్యను తప్పుగా చూపు కంపెనీకి మొదట 2 లక్షలు, పిదప 5 లక్షలు, ఆపైన 10 లక్షల రూపాయలు విధించునట్లు ట్రాయ్ సంస్థ 2025 ఫిబ్రవరిలో నియమము చేసెను. ఇది మంచిదే, కాని మోసపోయినవాని కిందు వలన పైసయు రాదు. సింగపూరునందన్ననో, 2024 డిసెంబరు 16 నుండి, నకిలీ సందేశములచే కలుగు కొన్ని నష్టములను, తమ విధి నెరవేర్పని బ్యాంకుగాని టెలిఫోను కంపెనీగాని చెల్లింపవలయును. ఇట్టి శాసనము మనకును కావలెనని ఈ మహాసభ ప్రభుత్వమును కోరుచు తీర్మానింప ప్రార్థించుచున్నాను.

అయితే ఫిర్యాదు లేనిచోట విచారణ లేదు. మన మౌనము దొంగను, కంపెనీని కూడ కాపాడుచున్నది. సొమ్ము పోయినవెంటనే 1930 నంబరునకు ఫోను చేయుడు. ఆ మొదటి గడియలు అమూల్యములు. సొమ్ము పోకున్నను, అనుమానపు పిలుపును సంచార్ సాథీలోని చక్షు విభాగమునకు తెలుపుడు. వ్యాపారపు పిలుపైనచో 1909కు ఏడుదినములలోపల ఫిర్యాదు చేయుడు. వృద్ధులకిందు తోడ్పడుటకు ప్రతి శాఖాసంఘమును ఇద్దరు యువకులను నియమించుగాక.

సిగ్గుపడవలసినవాడు దొంగ, ఆపైన, కూలి గైకొనియు కన్నుమూసికొన్న కావలివాడు. మోసపోయిన వృద్ధుడు మాత్రము కాడు. ఆయనను మందలింపక, ప్రక్కన కూర్చుండి ఫిర్యాదు వ్రాయించుటయే కులసేవ యని విన్నవించి విరమించుచున్నాను.