రిటైరయ్యాక చలికాలం: మనం రాకపోతే ఎవరికి తెలుస్తుంది?

ఈ వారం రిటైరైన వాళ్ళ చలికాలం గురించి మాట్లాడుకుందాం. నేను మైలవరం నుంచి మాట్లాడుతున్నాను కాబట్టి ముందు మా ఊరి చలి సంగతి చెప్తాను. ఆ తర్వాత అమెరికాలో పిల్లల దగ్గర ఉన్న మన పెద్దవాళ్ళ చలి సంగతికి వస్తాను. ఈ వీడియోలు చూసేవాళ్ళలో ఇద్దరూ ఉన్నారు కదా.

మన తెలుగులో ఒకే మాట ఉంది చూడండి, మంచు అని. తెల్లవారుజామున పొగలా కమ్మేదీ మంచే. గడ్డి మీద బొట్లు బొట్లుగా నిలిచేదీ మంచే. అమెరికాలో మోకాళ్ళ లోతున పడేదీ మంచే. మా వైపు డిసెంబరు, జనవరి నెలల్లో తిరువూరు రోడ్డు మీద బస్సులు పొద్దున్నే లైట్లు వేసుకుని మెల్లగా వస్తాయి. మామిడి తోటలున్నవాళ్ళకి ఈ మంచంటే భయం. పూత మీద మంచు ఎక్కువైతే పూత మాడిపోతుంది, తేనెమంచు పురుగు పడుతుంది. అదే మంచు, కింద డెల్టాలో వరి కోసిన చేలో చల్లిన మినుముకి మేలు చేస్తుందంటారు రైతులు. నేలలో మిగిలిన తడి, పైన పడే మంచు, ఈ రెండింటితోనే ఆ పైరు బతికేస్తుంది. అంటే మంచు ఒకటే, తోటని బట్టి, చేనుని బట్టి ఫలితం మారుతోంది. రిటైర్మెంటు కూడా అలాంటిదే. ఒకాయనకి హాయిగా ఉంటుంది, పక్కింటాయన ఆరు నెలల్లో పదేళ్ళు పెద్దవాడైపోతాడు. తేడా ఎక్కడుంది? పెన్షన్‌లో ఉందంటారా? ఇద్దరి పెన్షనూ ఒకటే అయినా ఇలా జరుగుతుంది. నాకు తోచింది చెప్తాను.

చలికాలంలోనే పెన్షనర్లకి ఒక పని పడుతుంది. కేంద్ర ప్రభుత్వం వాళ్ళకి నవంబరులో, మన రాష్ట్రం వాళ్ళకి జనవరి, ఫిబ్రవరిలో. అదేనండీ, లైఫ్ సర్టిఫికెట్. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలిముద్రతో అయిపోతోంది. ఇప్పుడైతే ఫోనులో ముఖం చూపించినా సరిపోతుంది. సౌకర్యమే. ఏడాదికి ఒకసారి ప్రభుత్వం మనల్ని అడుగుతుంది, "ఉన్నారా?" అని. మనం "ఉన్నాం" అంటాం. సరే. మరి మిగతా 364 రోజులు ఆ మాట అడిగేదెవరు?

ఒక్కసారి ఆలోచించండి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మనం పది నిమిషాలు ఆలస్యమైతే ఎవరో ఒకరు అడిగేవాళ్ళు. "మాస్టారు ఇంకా రాలేదేంటి?" అని. అటెండెన్సు రిజిస్టరు, టీ తెచ్చే కుర్రాడు, బస్సులో రోజూ పక్కన కూర్చునే ఆయన, వీళ్ళందరికీ మనం రాలేదని తెలిసేది. మన రాష్ట్రంలో 2022 నుంచి ప్రభుత్వ ఉద్యోగికి 62 ఏళ్ళకి రిటైర్మెంటు. ఆ రోజు శాలువా కప్పుతారు, దండ వేస్తారు, ఇంటిదాకా దిగబెడతారు. మర్నాటి నుంచి జీతం సగమవుతుందని మనకి ముందే తెలుసు, దానికి లెక్కలు వేసుకుని ఉంటాం. మన కోసం చూసే మనిషి ఉండడని మాత్రం ఎవరూ ముందుగా చెప్పరు. దానికి లెక్క వేసుకోం.

ఈ లోటు ఎండాకాలంలో అంత తెలియదు. సెలవులు, పెళ్ళిళ్ళు, మనవలు వస్తారు. చలికాలంలో ఆరింటికే చీకటి పడుతుంది. తలుపు వేసుకుంటాం. టీవీ పెట్టుకుంటాం. తొమ్మిదింటికి పడుకుంటే రెండింటికి మెలకువ. ఆ రెండింటి నుంచి తెల్లారేదాకా ఉండే సమయం ఎంత పొడుగో ఈ వయసు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

మరి దీనికి మందేమిటి? మన పెద్దవాళ్ళు చలికాలానికే ఒక ఏర్పాటు చేసి పెట్టారు. ధనుర్మాసం. డిసెంబరు 16 ప్రాంతంలో మొదలై భోగి దాకా. తిరుప్పావై 30 పాశురాలు, రోజుకొకటి. ఎక్కడా "వీలున్నప్పుడు రండి" అని లేదు. రోజూ, అదే వేళకి, అదే చోటికి. గుళ్ళో గంట మోగుతుంది, వేడి వేడి కట్టుపొంగలి దొన్నెలో పెట్టి ఇస్తారు. చలిలో ఆ దొన్నె చేత్తో పట్టుకుంటేనే సగం సుఖం. వీధిలో ముగ్గులు, గొబ్బెమ్మలు. హరిదాసు వస్తాడు, ఆయన తలమీద అక్షయపాత్రలో గుప్పెడు బియ్యం పోయడానికి పిల్లలు పోటీ పడతారు. ఇదంతా భక్తి, నిజమే. దానితో పాటు ఇంకో పని కూడా జరుగుతోంది. నెల రోజుల పాటు ఊళ్ళో ఎవరు లేచారో, ఎవరు లేవలేదో అందరికీ తెలుస్తోంది. ముగ్గు పడని వాకిలి కనిపిస్తే, "పిన్నిగారికి ఒంట్లో బాగాలేదా?" అని పక్కవాళ్ళు తలుపు కొడతారు.

గుడికి వెళ్ళనివాళ్ళ సంగతేమిటంటారా? డిసెంబరులో చర్చివాళ్ళు క్రిస్మస్ పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరుగుతారు. మసీదులో ఫజర్ నమాజుకి వచ్చే పెద్దలు కూడా అంతే, రోజూ వచ్చే మనిషి రాకపోతే మిగతావాళ్ళకి తెలిసిపోతుంది. ఇవేవీ వద్దనుకుంటే టీ కొట్టు బెంచీ ఉంది, లైబ్రరీలో పేపర్లు చదివే బల్ల ఉంది. మన ప్రాంతానికి ఇది కొత్త కాదు. 1914లోనే బెజవాడలో గ్రంథాలయాల వాళ్ళంతా చేరి సభ పెట్టుకున్నారు. ఒకరు పేపరు పైకి చదవడం, పదిమంది చుట్టూ కూర్చుని వినడం, అలా నడిచిన కాలం అది.

మా ఊళ్ళో కొంతమందిమి ఉన్నాం. ఏడున్నరకి ఎండ పడే ఒక అరుగు మీద చేరతాం. సంఘం కాదు, పేరు లేదు, చందా లేదు. ఒక టీచరు, ఒక కండక్టరు, ఎలక్ట్రిసిటీలో లైన్‌మన్‌గా చేసినాయన, ఇద్దరు రైతులు. రైతుకి రిటైర్మెంటు ఏముందండీ, మోకాళ్ళు ఒప్పుకోకపోవడమే రిటైర్మెంటు. కూలి చేసి బతికిన పెద్దాయన ఒకాయనకి నెల మొదటి తారీఖున వచ్చే 4,000 రూపాయల పెన్షనే ఆధారం. ఆయనా మాతోనే కూర్చుంటాడు. ఎండకి ఎవరి పెన్షన్ ఎంతో తెలియదు కదా.

పోయిన చలికాలం ఒక రోజు లైన్‌మన్ గారు రాలేదు. ఎనిమిదయింది. ఫోను మోగుతోంది, తియ్యట్లేదు. ఇద్దరు లేచి వెళ్ళారు. ఆయన బాత్రూములో జారిపడి ఉన్నారు, లోపల గడియ. భార్య పోయి మూడేళ్ళయింది, కొడుకు వేరే రాష్ట్రంలో. తలుపు తీయించి, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ అయింది, ఇప్పుడు చేతికర్రతో వస్తున్నారు. పడిన గంటలోపే మాకు తెలిసింది. ఆ అరుగు లేకపోతే ఎప్పుడు తెలిసేది? సాయంత్రం పనమ్మాయి వస్తే తెలిసేది. అది కూడా ఆ రోజు ఆమె వస్తే. పొద్దున్నే అరుగు మీద కూర్చోవడం కాలక్షేపం అనుకునేవాళ్ళ కోసం ఈ సంగతి చెప్పాను.

ఇక చిన్న చిన్న సుఖాల దగ్గరికి వద్దాం. చలికాలంలో మన దగ్గర దొరికేవాటికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. తేగలు వస్తాయి. తంపటి వేసిన తేగల కట్ట ఒకటి కొంటే ఒక్కడే కూర్చుని తినలేడు. ఒలవాలి, చీల్చాలి, పీచు తీయాలి, మధ్యలో చందమామ ఎవరికి ఇవ్వాలో తేల్చాలి. నలుగురుంటేనే తేగకి రుచి. ఉడికించిన చిలకడదుంపలు, రేగిపళ్ళు, దోర జామకాయలు, అల్లం వేసిన టీ. జనవరి మొదటి రోజుల్లో విజయవాడలో పుస్తక మహోత్సవం జరుగుతుంది, 1989లో మొదలైంది. ఒక పూట బస్సెక్కి వెళ్ళి, ఒక పుస్తకం కొనుక్కుని, ఇడ్లీ తిని రావచ్చు. ఒక్కరే వెళ్ళకండి, ఇంకొకరిని లేవదీయండి. ఆ పుస్తకం చదివాక రెండోవాళ్ళకి ఇవ్వండి. అలా నెల రోజులు మాట్లాడుకోవడానికి ఒక విషయం దొరుకుతుంది.

ఒక జాగ్రత్త. చలికి రక్తనాళాలు బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్ళు మంచులో నాలుగున్నరకి వాకింగ్ చెయ్యక్కర్లేదు. ఎండ వచ్చాకే బయటికి రండి. మంకీ క్యాపు పెట్టుకోవడానికి సిగ్గుపడకండి.

ఇంకో ముఖ్యమైన మాట. ఇప్పటిదాకా చెప్పిందంతా మగవాళ్ళ గురించే అనిపిస్తే తప్పు లేదు. ఆడవాళ్ళకి రిటైర్మెంటు ఎక్కడుందండీ? ఆయన రిటైరైతే ఆవిడకి పని పెరుగుతుంది. ఇదివరకు పొద్దున ఒక కాఫీ, సాయంత్రం ఒక కాఫీ. ఇప్పుడు గంటకోసారి. పైగా "పప్పు ఇలా ఎందుకు వండావు" అని కొత్త ఆఫీసరు వంటింట్లోకి వస్తాడు. అందుకని మగవాళ్ళకి చెప్తున్నాను, అరుగు మీదకి వెళ్ళే ముందు ఆ గ్లాసు కడిగి వెళ్ళండి. రెండోది, ఆవిడకీ ఒక వేళ ఉండాలి. సాయంత్రం నాలుగింటికి నలుగురు ఆడవాళ్ళు డాబా మీద ఎండలో చేరితే, ఆ గంటలో మన అన్నం గురించీ, మందుల గురించీ ఆవిడని పిలవకూడదు. ఆవిడ కోసం కూడా ఎవరో ఒకరు ఎదురుచూడాలి కదా.

ఇప్పుడు అమెరికా సంగతి. అక్కడ పిల్లలు ఎనిమిదింటికి వెళ్ళిపోతారు. డిసెంబరులో న్యూజెర్సీలో నాలుగున్నరకే పొద్దు గూకుతుంది. బయట మంచు, మెట్ల మీద జారుడు. మనకి కారు నడపడం రాదు. అద్దంలోంచి చూస్తే తెల్లటి రోడ్డు, మనిషి అలికిడి ఉండదు. అంత మంచి ఇల్లు, అంత వెచ్చగా ఉన్నా మనసు ముడుచుకుపోతుంది. "మాకేం తక్కువ చేశాం?" అని పిల్లలు బాధపడతారు. వాళ్ళు ఏమీ తక్కువ చెయ్యలేదు. అరుగు ఒక్కటే తక్కువ.

అక్కడా దారులున్నాయి. 1970ల్లో పిట్స్‌బర్గ్‌లో వేంకటేశ్వరస్వామి గుడి కట్టుకున్న దగ్గర నుంచి చాలా ఊళ్ళలో గుళ్ళు వచ్చాయి, ధనుర్మాసం అక్కడ నిజమైన మంచులోనే జరుగుతుంది. ఆ దేశంలో పబ్లిక్ లైబ్రరీలు వెచ్చగా ఉంటాయి, కూర్చోవడానికి డబ్బు అడగరు. వారానికి రెండు రోజులు, ఫలానా టైముకి అక్కడ దింపమని పిల్లల్ని అడగండి. మొహమాటపడకండి. మనవడికి రాత్రి ఎనిమిదింటికి కథ అని మాట ఇవ్వండి, ఒక్క రోజు కూడా తప్పకండి. వారం తిరక్కుండానే వాడే పిలుస్తాడు, "తాతయ్యా, టైమైంది" అని.

ఇంకో ఉపాయం. చలికాలంలో న్యూజెర్సీకీ మనకీ పదిన్నర గంటల తేడా. మైలవరంలో ఉదయం ఏడున్నర అంటే అక్కడ రాత్రి తొమ్మిది. మా అరుగు మనిషి ఒకాయన కూతురి దగ్గరికి వెళ్ళాక ఆ వేళకే ఫోను చేస్తారు. స్పీకరులో పెట్టి మధ్యలో ఉంచుతాం. ఆయన మంచు తీసే యంత్రాల గురించి చెప్తారు, మేము మామిడి పూత సంగతి చెప్తాం. పది నిమిషాలే. ఆయన చోటు మాత్రం ఎవరూ తీసుకోలేదు.

ఇది మన ఒక్కరి సమస్య కాదు. ఇంగ్లండులో 2018లో ఒంటరితనం గురించి చూడమని ఒక మంత్రికి బాధ్యత ఇచ్చారు. హార్వర్డ్ వాళ్ళు 1938 నుంచి కొంతమంది జీవితాలని వరసగా గమనిస్తూ వస్తున్నారు. ముసలితనంలో ఆరోగ్యానికి, సంతోషానికి మంచి సంబంధాలు పెద్ద బలమని వాళ్ళు తేల్చారు. జపాన్‌లో 1928 నుంచి రేడియోలో వ్యాయామం వస్తుంది. ఉదయం ఆరున్నరకి పార్కుల్లో పెద్దవాళ్ళు చేరి ఆ పాటకి చేతులు కదుపుతారు. వ్యాయామం ఇంట్లో కూడా చెయ్యొచ్చు. అయినా పార్కుకే వస్తారు. ఎందుకో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

కాబట్టి ఈ వారం ఒక్క పని చెయ్యండి. ఒక వేళ, ఒక చోటు, కనీసం ఇద్దరు మనుషులు, ఈ మూడూ ఖాయం చేసుకోండి. హోదా ఇంట్లో పెట్టి రండి. ఎవరైనా రాకపోతే ఎంతసేపటికి వెళ్ళి చూడాలో ముందే అనుకోండి. మా అరుగు మీద అరగంట అనుకున్నాం. ఇంటి తాళం రెండోది ఎవరి దగ్గర ఉండాలో, పిల్లల ఫోను నంబర్లు ఎవరి దగ్గర ఉండాలో అది కూడా తేల్చుకోండి. భోగి మంట దాకా చేసి చూడండి. ఆ తర్వాత మానమన్నా మానరు.

పిల్లలు ఈ వీడియో చూస్తుంటే మీకొక మాట. ఫోన్ చేసినప్పుడు "మందులు వేసుకున్నారా?" అని అడుగుతారు, మంచిదే. దాంతోపాటు "ఇవాళ ఎవరెవరు వచ్చారు?" అని కూడా అడగండి. ఆ జవాబులో పేర్లు వినిపిస్తే మీ అమ్మానాన్నల చలికాలం బాగానే గడుస్తోందని అర్థం.

ఉంటానండీ. వచ్చే వారం మళ్ళీ ఇదే వేళకి కలుద్దాం. నమస్కారం.