కన్నవాళ్లకు కనపడని కాగితం

ఈ స్మారకోపన్యాసం మా లెక్కల మాస్టారి పేరిట. ఆయన పాండిత్యం గురించి నాకన్నా బాగా చెప్పగలవారు ముందు వరసలోనే కూర్చున్నారు. నాకు గుర్తున్నది వేరు. చదరంగంలో ఆయన తన ఎత్తు వెనక్కి తీసుకునేవారు, మనం తీసుకుంటే మాత్రం ఒప్పుకునేవారు కాదు. మార్కుల దగ్గరా అంతే మొండితనం. కానీ ఏ పిల్లవాడి తండ్రైనా వచ్చి అడిగితే పేపరు బల్లమీద పరిచి, ఏ స్టెప్పు దగ్గర మార్కు పోయిందో వేలు పెట్టి చూపేవారు. ఇక నా గొడవకు వస్తాను.

పరీక్షలు ఉండాలా, డిటెన్షన్ మంచిదా అన్నవి మీరు విని విసిగిన సంగతులే, వదిలేస్తున్నాను. నేను మాట్లాడేది తల్లిదండ్రుల హక్కు గురించి. తల్లిదండ్రులు రాసి ఇస్తే రాష్ట్ర పరీక్షల నుంచి బిడ్డను మినహాయించి తీరాలని కాలిఫోర్నియా విద్యాచట్టం 60615వ సెక్షన్ అంటోంది. అక్కడ స్థిరపడ్డ మనవాళ్లు పండక్కి వచ్చినప్పుడల్లా దీన్ని గొప్పగా చెబుతారు. ఆ హక్కు మీద నాకు మోజు లేదు. పిల్ల పరీక్ష రాయాల్సిందే. రాసింది మాకు చూపించండి, తప్పుంటే దిద్దండి అంటున్నాను, అంతే.

ఇది ఎప్పుడో తేలిపోయిందని లా చదివిన మిత్రులు నన్ను తోసిపుచ్చుతుంటారు. మహారాష్ట్ర బోర్డుకూ పరితోష్ భూపేశ్ కుమార్ షేఠ్‌కూ నడిచిన కేసులో 1984 నాటి సుప్రీంకోర్టు తీర్పు వారి ఆయుధం. మొత్తాలు సరిచూడమని అడగొచ్చు గానీ, జవాబుపత్రం చూస్తామనీ మళ్లీ దిద్దమనీ అడగకూడదని బోర్డు నిబంధన. బొంబాయి హైకోర్టు దాన్ని కొట్టేస్తే సుప్రీంకోర్టు నిలబెట్టింది. వేలకువేల పేపర్లు తెరిచి చూపిస్తూ కూర్చుంటే ఫలితాలకు అంతెక్కడన్నది ఒక కారణం. బోర్డు వీలు చూశారు, పిల్ల ఏడాది చూడలేదు.

2011లో ఆదిత్య బందోపాధ్యాయ్ కేసులో తీర్పు వచ్చింది. జవాబుపత్రం కూడా సమాచారమేననీ, రాసినవారికి చూసే హక్కుందనీ, బోర్డు నిబంధనలు సమాచార హక్కు చట్టానికి అడ్డురావనీ అదే కోర్టు చెప్పింది. 'ఇంకేం కావాలి మాస్టారూ' అంటారు మిత్రులు. తీర్పు చివరిదాకా చదవండి బాబూ! చూసినంతమాత్రాన మళ్లీ దిద్దించుకునే హక్కు రాదని అందులోనే ఉంది. పేపర్లు దాచే గడువు దాటితే, సీబీఎస్‌ఈకి చెప్పిన ఉదాహరణ మూడు నెలలు, అడిగినా లేదనొచ్చు. దరఖాస్తుకు జవాబివ్వడానికి 30 రోజులు. మొదటి అప్పీలుకు 30, సాగదీస్తే 45. రెండో అప్పీలు సమాచార కమిషన్ ఎప్పటికి తేల్చాలో చట్టంలో గడువే లేదు. ఈలోగా పిల్ల దొరికిన కాలేజీలో చేరిపోతుంది.

2019 తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తెలుగులో సున్నా పడ్డ ఒక అమ్మాయికి తిరిగి చూస్తే 99 వచ్చాయి. రీవెరిఫికేషన్ ఉంది కాబట్టే తప్పు దొరికిందని మిత్రులు నాతో వాదించారు. సున్నా గనుక కంటపడింది! 72 రావలసిన చోట దిద్దినాయన 61 వేస్తే ఏ రీకౌంటింగ్ పట్టుకుంటుంది? కూడిక సరిగ్గానే ఉంటుంది కదా.

విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ చూడండి. టీచరు తల్లిదండ్రులను క్రమం తప్పకుండా కలిసి, పిల్ల హాజరు, నేర్చుకునే శక్తి, ప్రగతి చెప్పాలి. ఆ చట్టం ఎనిమిదో తరగతితో ఆగుతుంది. మెమో మీద బతుకు ఆధారపడే పదో తరగతికి వచ్చేసరికి కన్నతల్లి ఫీజు కట్టే మనిషి మాత్రమే.

ఇప్పుడు నేను పని చేస్తున్న పుస్తకం దీని మీదే. రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ కోసం తల్లిదండ్రులు పెట్టుకున్న దరఖాస్తులు, వాటికి వచ్చిన జవాబులు సేకరిస్తున్నాను. 'మార్పు లేదు' అన్న రెండు ముక్కల జవాబులే ఎక్కువ. ఎందుకు లేదో రాసినది ఒక్కటీ నా చేతికి రాలేదు. మీ బీరువాల్లో అలాంటి కాగితాలుంటే పిల్లల పేర్లు, హాల్‌టికెట్ నంబర్లు కొట్టేసి జిరాక్సు ఇవ్వండి. ఫీజు కట్టిన రసీదు కూడా జతచేయడం మరచిపోకండి.