ఏ.టి.వి.కి అదనపు హంగులు: పెట్టిన డబ్బుకు ఫలితం ఉందా?



నేను ఉపన్యాసకుణ్ణి కాను. ఇంటర్ అయ్యాక సికింద్రాబాద్ ఇ.ఎం.ఇ. సెంటర్‌లో వెహికల్ మెకానిక్‌గా భర్తీ అయి, సుబేదార్‌గా పెన్షన్ వచ్చి, ఇప్పుడు గోడాదరాలో ఉంటున్నవాణ్ణి. కమిటీవారు మాట్లాడమంటే దేశభక్తి గురించేమో అనుకున్నాను. బళ్ళ గురించి చెప్పమన్నారు. దానికి కారణం ఉంది.

మనవాడే, ఒక హవల్దార్ తమ్ముడు పోయిన ఏడాది పెన్షన్ వచ్చాడు. భీమవరం దగ్గర మామగారికి రొయ్యల చెరువులున్నాయి. గట్ల మీద మేత బస్తాలు మోయడానికి సెకండ్ హ్యాండ్‌లో ఒక ఏ.టి.వి. కొన్నాడు. నాలుగు లావుపాటి టైర్లు, మోటార్ సైకిల్ హ్యాండిల్ ఉండే బండి. లద్దాఖ్‌లో చేసినవాళ్ళు చూసే ఉంటారు. 2025 రిపబ్లిక్ డే పెరేడ్‌లో 'చేతక్' పేరుతో కర్తవ్య పథ్ మీద నడిచింది కూడా ఈ జాతిదే. ఇప్పుడు దానికి కొత్త సైలెన్సర్, పెద్ద టైర్లు, బండిని ఎత్తు చేసే కిట్, కంప్యూటర్ ట్యూనింగ్ అన్నీ కలిపి లక్షన్నర అవుతుందట. "సాబ్, పెట్టమంటారా?" అని ఫోన్ చేశాడు.

ఆ లక్షన్నర ఎక్కడిదో మనందరికీ తెలుసు. పెన్షన్ కమ్యూట్ చేసిన సొమ్ము. సగం దాకా అమ్ముకోవచ్చు, అమ్ముకున్నది మళ్ళీ నెలనెలా చేతికి రావడానికి 15 ఏళ్ళు పడుతుంది. కాబట్టి ఇది షోకు ప్రశ్న అని నేను నవ్వి వదిలెయ్యలేదు.

ముందు సైలెన్సర్ సంగతి. పొగ తేలిగ్గా బయటికి పోతే ఇంజిన్‌కు కొంత బలం పెరిగే మాట నిజమే. ఆ పెరిగేది చాలావరకు పై ఆర్.పి.ఎం.లో, అంటే బండిని బాగా లాగించి ఉరికించినప్పుడు. చెరువు గట్టు మీద బస్తాలేసుకుని గంటకు పది, పదిహేను కిలోమీటర్లలో పోయేవాడికి ఆ బలం చేతికే రాదు, చప్పుడు మాత్రం చెవికొస్తుంది. పైగా సైలెన్సర్, ఫిల్టర్ మార్చి ఊరుకుంటే గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువై ఇంజిన్ వేడెక్కే ప్రమాదం ఉంది. దాన్ని సరిచేయడానికి కంప్యూటర్ ట్యూనింగ్. అంటే ఒక సామాను ఇంకో సామానును వెంటబెట్టుకుని వస్తుంది.

టైర్ల లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. 25 అంగుళాల టైరు తీసి 27 వేశామనుకోండి. నేలకూ బండి అడుగుకూ మధ్య పెరిగేది రెండంగుళాలు కాదు, ఒక్కటే. చక్రం పెద్దదైంది గనుక నేల మీద లాగే శక్తి ఏడు శాతానికి పైగా పడిపోతుంది. ఆ పోయిన లాగుడు తిరిగి రావడానికి క్లచ్ కిట్ అమ్ముతారు. డబ్బులిచ్చి పోగొట్టుకున్నదాన్ని మళ్ళీ డబ్బులిచ్చి తెచ్చుకోవడమన్న మాట!

హై ఆల్టిట్యూడ్‌లో ఉన్న తమ్ముళ్ళు ఇంజిన్ బలం పెంచితే మేలు కదా అనవచ్చు. టర్బో లేని ఇంజిన్ వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు 3 శాతం బలం కోల్పోతుంది. 15,000 అడుగుల దగ్గర మూడో వంతుకు పైగా పోతుంది. సైలెన్సర్ ఇచ్చే కాస్త బలం ఆ గుంటను పూడ్చదు. అదీగాక సర్కారీ బండికి ఇ.ఎం.ఇ.ఆర్.లో లేని మార్పు చేస్తే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

బండిని ఎత్తు చేసే కిట్ విషయంలో మాత్రం ఆ తమ్ముడికి గట్టిగా వద్దని చెప్పాను. బండి మూడొందల కిలోల పైమాటే. ఎత్తు పెంచి, వెనక ర్యాక్ మీద రెండు బస్తాలు పేర్చి, మట్టిగట్టు అంచున తిప్పితే అది పక్కకు ఒరుగుతుంది. ఒరిగితే పడేది మనిషి మీదే. కింద చెరువు. పెళ్ళాం బిడ్డలకు ఏం చెప్పాలి?

గోడాదరాలో ఉన్నవాళ్ళకు ఈ ఏ.టి.వి. గొడవ ఎందుకంటారేమో. లూమ్ నుంచి రింగ్ రోడ్ మార్కెట్‌కు తాకాలు మోసే టెంపోలను చూడండి, వాటికీ ఇదే జబ్బు. రెండు కమాన్ పట్టీలు అదనంగా వేయించి రెట్టింపు బరువు ఎక్కిస్తారు. పట్టీలు మోస్తాయి సరే, బ్రేకులు పాతవే, యాక్సిల్ పాతదే, ఆర్.సి.లో రాసిన బరువూ పాతదే. ఓవర్‌లోడ్‌కు 20,000 జరిమానా, ఆపైన అదనపు టన్నుకు 2,000. కంపెనీ ఇచ్చిన బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు. మా వీధిలో ఒకాయనకు యాక్సిడెంట్ అయితే బండికి చేయించిన మార్పులు చూపించి క్లెయిమ్ ఇవ్వమన్నారు. టెంపో పోయింది, ఈఎంఐ మిగిలింది.

మరి ఏదీ పెట్టొద్దా అంటే, అలా అనను. ఏ.టి.వి.కి ముందు వించ్ కొనండి. బురదలో దిగబడ్డప్పుడు అది నలుగురు మనుషుల పని చేస్తుంది. అడుగున రేకు కవచం వేయించండి, రాయి తగిలితే ఇంజిన్ చాంబర్ బతుకుతుంది. ఒక స్పేర్ బెల్టు, కంపెనీదే, సీటు కింద పెట్టుకోండి. నిజంగా బరువు పనే రోజూ ఉంటే, పాత సైజు టైర్లతోనే, క్లచ్ స్ప్రింగు, వెయిట్లు ఆ పనికి తగ్గట్టు మార్పించడం దండగ కాదు.

నీళ్ళ కోసం గాలి గొట్టం పైకి పెట్టించే కిట్ అడుగుతున్నారు చాలామంది. 2025 జూన్‌లో ఖాడీ పొంగి పర్వత్ పాటియా, లింబాయత్ వైపు నీళ్ళు నిలిచాక ఇక్కడా అడిగారు. ఇంజిన్ గొట్టం ఒక్కటే పైకెత్తితే చాలదు. ఏ.టి.వి.లో బెల్టు డబ్బాకూ గాలి గొట్టాలుంటాయి. అందులో నీళ్ళు చేరితే బెల్టు జారి, ఇంజిన్ అరుస్తుంది గాని బండి కదలదు. అన్నీ ఎత్తుతారా, ఎత్తండి. లేకపోతే నీళ్ళ ముందు ఆగండి.

ఇక అన్నిటికంటే చవకది. ఈ బళ్ళ టైర్లలో గాలి సాధారణంగా 5 నుంచి 7 పి.ఎస్.ఐ. మాత్రమే. పెట్రోల్ బంకు గేజి అంత తక్కువను సరిగా చూపించదు, బంకు కుర్రాడు 20 కొట్టి పంపుతాడు. దాంతో టైరు రాయిలా గట్టిపడి, బురదలో పట్టు పోయి, "సాబ్, బండికి పవర్ లేదు" అంటారు. మన తమ్ముడి బండి జబ్బులో సగం అదే. తక్కువ ప్రెషర్ చూపే గేజి కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. ముందు అది కొని, ఎయిర్ ఫిల్టర్ కడిగి, నెల రోజులు నడిపి, అప్పుడు ఫోన్ చెయ్యమన్నాను.

నా గేజి ఈ సంచిలోనే ఉంది. భోజనాలయ్యాక చూడాలనుకున్నవాళ్ళు బయట బళ్ళ దగ్గరికి రండి. జై హింద్.