విచారణకు వకీలు సిద్ధపడుట



వకీలనగానే పెక్కుమంది మనసున మెదలు రూపము మాటకారిది. నల్లకోటు తొడిగి, చేయి చాచి, గొంతెత్తి సాక్షిని గడగడలాడించువాడే గొప్ప వకీలని నాటకములును సినిమాలును మనకు నేర్పినవి. చిరకాలముగా విచారణ కోర్టులలో పనిచేయుచున్న నాకు ఆ చిత్రమును చూచినపుడెల్ల నవ్వు వచ్చును. కోర్టులో వకీలు పలుకు మాటలు అతని పనిలో స్వల్పభాగము. మిగిలినదంతయు ఎవ్వరును చూడని చోట, తన గదిలో, కాగితముల నడుమ జరుగును. ఆ పనిని గూర్చియే నేడు మీతో ముచ్చటింపదలచితిని.

వాది దావా పత్రములో కొన్ని సంగతులు చెప్పును. ప్రతివాది తన జవాబులో కొన్నిటిని ఒప్పుకొనును, కొన్నిటిని కాదనును. ఇరువురకును భేదము వచ్చిన చోట్లను న్యాయాధిపతి విచారణాంశములుగా, అనగా ఇష్యూలుగా, ఏర్పరచును. ఏ సంగతి ఎవరు చెప్పుదురో దానిని వారే ఋజువు చేయవలెననునది 1872 నాటి సాక్ష్య చట్టములోని మూలసూత్రము. ఆ చట్టము రద్దయి, దాని స్థానమున 2024 జూలై 1వ తేదీనుండి భారతీయ సాక్ష్య అధినియమము అమలులోనికి వచ్చినను, ఈ సూత్రము మారలేదు. గావున నేను కేసు కట్ట విప్పగానే ఒక తెల్లకాగితమును నిలువుగా మూడు వరుసలు చేయుదును. మొదటి వరుసలో ఇష్యూ; రెండవ వరుసలో దానిని ఋజువు చేయు దస్తావేజు లేక సాక్షి; మూడవ వరుసలో ఎదుటి పక్షమువారు చెప్పదగిన సమాధానము.

ఈ మూడవ వరుసను నింపుటయే కష్టము. రోగి వైద్యునివద్ద తన నొప్పిని కొంత పెంచియైన చెప్పును. కక్షిదారో, తనకు నొప్పియైన చోటునే దాచును. అందువలన ఎదుటి సాక్షిని ప్రశ్నించుటకు ముందు మన కక్షిదారునే మనము ప్రశ్నింపవలెను. ఇది చేయని వకీలు ఎంతటి వక్తయైనను కోర్టులో కన్నులకు గంతలు కట్టుకొని నడచువాడే.

ఒక ఉదాహరణము చెప్పెదను. గోదావరి డెల్టాలోని ఒక వృద్ధ రైతు ప్రామిసరీ నోటు దావాలో ప్రతివాదిగా నావద్దకు వచ్చెను. నోటు నలువది వేల రూపాయలకు. “ఆ సంతకం నాది కాదండీ” అని ఆయన చెప్పెను. ఆయన పెట్టిన వకాలతునామా సంతకమును, నోటు నకలుమీది సంతకమును ప్రక్కప్రక్కన నుంచి, “పెద్దయ్యా, ఈ రెండూ చూస్తే జడ్జిగారు ఏమనుకుంటారు?” అని అడిగితిని. ఆయన పలుకలేదు. ప్రక్కనున్న ఆయన భార్య, “ఉన్నమాట చెప్పెయ్యండి” అనెను. అప్పుడు నిజము బయటపడెను. అప్పు తీసికొన్న మాట వాస్తవమే. కాని ఋణదాతకు బియ్యపు మిల్లు కలదు. రెండు పంటల ధాన్యమును ఈయన ఆ మిల్లుకే తోలెను. ఆ ధాన్యపు వెల ఈయన చేతికి రాలేదు, నోటు వెనుక చెల్లుగాను వ్రాయలేదు. మరునాడు ఆ యిల్లాలు ట్రంకుపెట్టె అడుగునుండి ఆరు కాటా చీట్లు తెచ్చి నా బల్లమీద నుంచెను.

సంతకము నాది కాదని జవాబు దాఖలు చేసియుందుమేని ఏమగును? సంతకము ఋజువయ్యెడిది. సంతకము ఋజువైన నోటునకు ప్రతిఫలము ముట్టినదనియే 1881 నాటి చట్టము మొదట ఊహించును. అంతకంటె పెద్ద నష్టము మరియొకటి: ఒకమాట అబద్ధమని తేలినవాని కాటా చీట్లను ఎవరు నమ్ముదురు? నిజమును ముంచునది తరచుగా ఎదుటివాని అబద్ధము కాదు, దానికి తోడుగా మనము చేర్చిన అబద్ధమే. గావున సంతకము ఒప్పుకొని, ధాన్యరూపమున కొంత చెల్లించితిమని జవాబు వ్రాసితిమి. ఋణదాత లెక్కల పుస్తకమును కోర్టులో హాజరుపరుపవలసినదిగా నోటీసు ఇచ్చితిమి.

ఋణదాత బోనెక్కినపుడు నేనడిగిన ప్రశ్నలు నాలుగే. మీకు మిల్లు కలదా? ధాన్యము తూచినపుడు కాటా చీటి ఇచ్చు వాడుక కలదా? ఈ చీట్లలోని వ్రాత మీ గుమాస్తాదేనా? ఈ ధాన్యమునకు సొమ్ము ఇచ్చినట్లు మీ పుస్తకములో పద్దు కలదా? మూడింటికి ఔననియు, నాల్గవదానికి లేదనియు ఆయన చెప్పవలసివచ్చెను. “అట్లయిన ఆ ధాన్యము అప్పుక్రింద జమయే కదా?” యను అయిదవ ప్రశ్న నాలుక చివర నుండెను. దానిని అడుగలేదు. అడిగినచో ఏదో యొక సంజాయిషీ చెప్పుటకు ఆయనకు త్రోవ దొరకును. ఆ మాట సాక్షితో చెప్పించునది కాదు, వాదములో న్యాయాధిపతికి మనవి చేయునది. తీర్పులో ధాన్యపు వెల మినహాయింపబడెను. మిగిలిన బాకీ ఆ రైతు తీర్చుకొనెను. పొలము వేలమునకు రాలేదు.

అడ్డు విచారణలో మెరుపువలె తోచునదియు వాస్తవముగా ముందుగా చేసిన పనియే. లండనులోని “టైమ్స్” పత్రిక 1887 మొదలుకొని ఐర్లండు నాయకుడగు పార్నెల్ వ్రాసినవని కొన్ని ఉత్తరములను ప్రకటించెను. 1889లో విచారణ సంఘము ఎదుట, ఆ ఉత్తరములను సంపాదించి ఇచ్చిన రిచర్డు పిగట్ సాక్షిగా నిలిచెను. పార్నెల్ వకీలగు చార్లెస్ రస్సెల్ ఒక కాగితమిచ్చి కొన్ని మాటలు వ్రాయుమని అతనిని కోరెను. వానిలో సంకోచమను అర్థముగల ఇంగ్లీషు మాట ఒకటి. ఉత్తరములో ఆ మాట ఏ అక్షరదోషముతో నుండెనో, పిగట్ సరిగా ఆ దోషముతోనే వ్రాసెను. కొలది దినములలో అతడు దేశము విడిచి పారిపోయెను. సభవారు చూచినది ఒక క్షణపు చమత్కారము. దాని వెనుక నున్నది ఒక్కొక్క అక్షరమును చదివిన ఓపిక.

ఇక మన సాక్షులమాట. సివిలు దావాలలో ముఖ్య విచారణను అఫిడవిట్టు రూపమున దాఖలు చేయు పద్ధతి 2002 జూలై 1వ తేదీనుండి వచ్చినది. దీనివలన కోర్టు కాలము కలిసివచ్చినది కాని, వకీలునకు ఒక ప్రలోభము పెరిగినది. వ్రాయుచున్నది మన గుమాస్తా కలము గదా యని, సాక్షి ఎన్నడును పలుకని మాటలను అతని నోట పెట్టుదుము. అడ్డు విచారణలో మొదటి ప్రశ్నకే ఆ అరువు మాట తెలిసిపోవును. సాక్షికి కోర్టు మర్యాద చెప్పవచ్చును; పాత కాగితములు చూపి తేదీలు జ్ఞప్తికి తేవచ్చును; ప్రశ్న తెలియకున్న మరల అడుగుమనవలెననియు, ఎరుగని సంగతికి ఎరుగననవలెననియు బోధింపవచ్చును. సాక్ష్యమును మాత్రము నేర్పరాదు.

ఎదుటి సాక్షియు మనుష్యుడే. అవమానించు ప్రశ్నలను కోర్టు నిషేధింపవలెనని చట్టమే చెప్పుచున్నది. చట్టము చెప్పకున్నను, కూలిపని మాని వచ్చి బోనులో వణకుచు నిలిచినవానిని గద్దించుటలో పౌరుషమేమి కలదు? నెమ్మదిగా అడిగినచో, నిజము చెప్పువాడు నిజము చెప్పును. అబద్ధమాడువాడు జాగ్రత్త మరచును.

శ్రోతలలో ఎవరికైనను కోర్టు మెట్లెక్కవలసిన అవసరము రాకుండుగాక. వచ్చినచో, మీ వకీలువద్దకు కాగితములన్నియు తేదీల వరుసను తీసికొనిపొండు. మీకు అనుకూలమైనవే కాక, ప్రతికూలమైనవియు తీసికొనిపొండు. మీరు చెప్పుటకు సిగ్గుపడు మాటనే మొదట చెప్పుడు. అది వకీలు గదిలో తెలిసినచో దానికి తగిన త్రోవ వెదుకవచ్చును. కోర్టు బోనులో తెలిసినచో అప్పటికి త్రోవలన్నియు మూసికొనిపోయియుండును.