కురువిందం: రాయి, పేరు

కురువిందం అల్యూమినియమూ ఆక్సిజనూ కలిసి ఏర్పడిన ఖనిజం. కాఠిన్యంలో వజ్రానిది 10, దీనిది 9. నీటికంటే నాలుగు రెట్లు బరువు. శుద్ధమైన దానికి రంగే ఉండదు. పిసరంత క్రోమియం చేరితే కెంపు. ఇనుమూ టైటానియమూ చేరితే నీలం. కెంపు సూర్యుడిది, నీలం శనిది; పురాణంలో శని సూర్యుడి కొడుకు. ఆ ఇద్దరి పేరా ధరించే రెండు రత్నాలూ ఒకే ఇంటివి.

శిలలో సిలికా పుష్కలంగా ఉంటే అల్యూమినియం దానితో కలిసి ఫెల్డ్‌స్పార్ వంటి ఖనిజాలుగా మారిపోతుంది. సిలికా కొరవడిన చోటే కురువిందం కడుతుంది. ధర్మపురి దగ్గరి పాపారపట్టి అలాంటి చోటు. టి.హెచ్. హాలండ్ 1898లో కురువిందం మీద పుస్తకం ప్రచురించేనాటికి ధర్మపురి, కృష్ణగిరి, హోసూరు అన్నీ సేలం జిల్లాలోనివే.

విలువ సంగతి తెలిసిందే. 2015లో జెనీవాలో 25.59 క్యారెట్ల బర్మా కెంపు మూడు కోట్ల డాలర్లు దాటింది. వెలుతురు చొరని ముతక రకం అరగదీతకే పనికొస్తుంది. వెర్నాయ్ పద్ధతి 1902లో వెల్లడయ్యాక కృత్రిమ కెంపులు చవకై, గడియారాల్లో ఇరుసులు తిరిగే గుంటలయ్యాయి. ఈ ఉపన్యాసం ఎవరి స్మృత్యర్థమో ఆ తెలుగు మాస్టారి చేతి గడియారం పలక మీద ‘17 జ్యుయెల్స్’ అని ఉండేది. రోజూ పొద్దున పాఠానికి ముందు దానికి కీ ఇచ్చేవారు. గడియారాల కర్మాగారమున్న హోసూరులో ఆయనకు ఈ రాయి కథ కంటే తగిన స్మరణ లేదు.

అసలు తగవు పేరు దగ్గర. ఇంగ్లీషు ‘కోరండం’ తమిళ ‘కురుందం’ నుంచి వచ్చిందని నిఘంటువులు రాస్తున్నాయి. 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు తెలుగు ‘కురువిందం’ను పేర్కొంటూనే తమిళం వైపు మొగ్గింది. ఆ మొగ్గుకు ఆధారం చాలదు. సెయింట్ జార్జి కోటలో వైద్యుడైన ఎడ్వర్డ్ బల్క్‌లీ పంపిన రాళ్లు లండన్‌లో జాన్ వుడ్‌వర్డ్ సేకరణకు చేరాయి. 1720ల నాటి దాని పట్టికలో ఈ రాయి పేరుకు ముందు ‘తెల్ల’ అని ఒకచోట, ‘నెల్ల’ అని మరోచోట ఉంది; పేరులో ‘వి’ అక్షరం నిలిచే ఉంది. తమిళంలో తెలుపు ‘వెళ్ళై’. ‘తెల్ల’ అన్న నోరు తెలుగు నోరే. తమిళ రూపంలో జారిపోయిన ‘వి’ తెలుగులో చెక్కుచెదరలేదు.

దీనికి రెండు అభ్యంతరాలున్నాయి. ‘నెల్ల’ రకం వరిపొలాల్లో దొరుకుతుందని పట్టిక చెబుతుంది గనుక అది తమిళ ‘నెల్’, అంటే వడ్లు, కావచ్చునన్నది మొదటిది. కావచ్చు, కానీ ‘తెల్ల’ పక్కన నిలిచినప్పుడు అది ‘నల్ల’ కావడమే సహజం. రెండోది, 17వ శతాబ్దిలోనే ఫ్రెంచి యాత్రికుడు తెవెనో ‘కొరిండ్’ అని రాశాడన్నది. అది దక్కనీ ‘కురుండ్’కు దగ్గర, తమిళానికి సాక్ష్యం కాదు. మూలం సంస్కృత ‘కురువింద’ అయితే అవుగాక. వరాహమిహిరుడు పద్మరాగం పుట్టుకను చెబుతూ ఆ పేరు వాడాడు. 1798లో గ్రెవిల్ వ్యాసంతో స్థిరపడిన ‘కోరండం’ రూపం తమిళానికి దగ్గరన్నదీ ఒప్పుకోవలసిందే. అయినా వుడ్‌వర్డ్ పట్టికకు ఈ మాటను అందించింది తెలుగే. నిఘంటువులు ఆ సంగతి రాయాలి. కార్బన్‌కు ఈ మాటనే తగిలించి ‘కార్బోరండం’ చేశారు; కత్తుల సాన చక్రం మీదా ఆ మాట తిరుగుతూనే ఉంది.

ఇలాంటి సాక్ష్యం లండన్ పట్టికలో దొరికింది గానీ, హోసూరు, కృష్ణగిరి తెలుగువాళ్ల నోటి మాటలకు పట్టికే లేదు. రాళ్లు కొట్టేవాళ్లు, సాన పట్టేవాళ్లు, నగలు చేసేవాళ్లు రాయి రకానికీ, పగులుకూ, మెరుపుకూ వాడే మాటలను ఊరి పేరుతో సహా కూర్చే పని ఇప్పుడు సాగుతోంది. చదివేవారి ఇంట్లో అలాంటి మాట ఒక్కటున్నా, చెప్పినవారి వయసు, ఊరు, పలికిన తీరు రాసి పంపాలి.